లాక్‌డౌన్‌లో విందులు, సభలో అబద్ధాలు: బ్రిటన్ జనం జాన్సన్‌ను ఎందుకు క్షమించలేదు

2022 జనవరి 31. బ్రిటన్ దిగువ సభలో ప్రధాని బోరిస్ జాన్సన్ నిలబడి సమాధానాలు చెబుతున్నారు. ఆయన అధికారిక నివాసం, కార్యాలయం రెండూ అయిన 10 డౌనింగ్ స్ట్రీట్‌లో లాక్‌డౌన్ రోజుల్లో జరిగిన విందుల మీద సీనియర్ అధికారిణి స్యూ గ్రే తొలి నివేదిక ఆ రోజే బయటికొచ్చింది. ప్రతిపక్షం విరుచుకుపడటంలో వింతేమీ లేదు. చాలామందికి గుర్తుండిపోయిన ప్రశ్న మాత్రం ఆయన సొంత పార్టీ ఎంపీ ఆరన్ బెల్ నుంచి వచ్చింది. 2020 మేలో చాలామంది ఏవేవో కార్యక్రమాలకు వెళ్లినట్టున్నారు, నేను వెళ్లింది మాత్రం మా బామ్మ అంత్యక్రియలకు అంటూ ఆయన మొదలుపెట్టారు. స్టాఫర్డ్‌షైర్ నుంచి కెంట్‌కు మూడు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లారు. అక్కడ ఉన్నది పది మందే. తోబుట్టువులను దగ్గరకు తీసుకోలేదు, అమ్మానాన్నలను కూడా తీసుకోలేదు. బామ్మ గురించి నాలుగు మాటలు చెప్పి, ఆమె ఇంటికి వెళ్లి ఒక కప్పు టీ అయినా తాగకుండా, మళ్లీ మూడు గంటలు నడుపుకుంటూ తిరిగొచ్చారు. అదంతా చెప్పి చివర్లో ఒక్కటే అడిగారు: ప్రధాని నన్ను వెర్రివాడి కింద జమకట్టారా?

పార్టీగేట్ అని పేరుపడిన ఆ వ్యవహారంలో జనం కోపమంతా ఈ ఒక్క ప్రశ్నలో ఉంది. దూరం నుంచి చూసేవాళ్లకు ఈ గొడవ చిన్నదిగానే కనిపిస్తుంది. లంచం తీసుకున్నదేమీ లేదు, ఖజానా దోచుకున్నదీ లేదు. కొన్ని వైన్ సీసాలు, ఒక పుట్టినరోజు కేకు, 50 పౌండ్ల చలానా. 2019 డిసెంబరు ఎన్నికల్లో 80 సీట్ల ఆధిక్యంతో గెలిచిన ప్రధాని పరువు ఇంత చిన్న విషయానికి పోయిందా అని మన దగ్గరా చాలామంది ఆశ్చర్యపోయారు. బ్రిటన్ ఇళ్లలో లెక్క వేరేగా సాగింది. డౌనింగ్ స్ట్రీట్‌లో ఎన్ని సీసాలు ఖాళీ అయ్యాయన్న దాని కంటే, అదే రోజున, అదే గంటలో తాము ఏం వదులుకున్నామన్నది జనం గుర్తు చేసుకున్నారు.

వదులుకున్నది తక్కువేమీ కాదు. 2020 మార్చి 23 రాత్రి జాన్సన్ టీవీలో కనిపించి ఇల్లు కదలొద్దని ఆదేశించారు. ఆ తర్వాత పెళ్లిళ్లు ఆగిపోయాయి. అంత్యక్రియలకు అతి కొద్దిమందినే రానిచ్చారు. వృద్ధాశ్రమాల్లో ఉన్న తల్లిదండ్రులను పిల్లలు కిటికీ అద్దం అవతల నుంచి చూసి చెయ్యి ఊపి వెళ్లిపోయారు. ఆసుపత్రుల్లో ఎంతోమంది చివరి చూపు నర్సు పట్టుకున్న ఫోన్ తెర మీదే జరిగింది. 2022 జనవరి 8 నాటికి ఆ దేశంలో కోవిడ్ మృతుల అధికారిక లెక్క లక్షన్నర దాటింది. అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేసే తెలుగు డాక్టర్లు కూడా ఆ వార్డుల్లోనే ఉన్నారు. ఊళ్లో తండ్రి పోయాడని కబురొచ్చినా విమానాలు లేక, కర్మకాండ మొత్తం వీడియో కాల్‌లో చూసి కళ్లు తుడుచుకున్న కుటుంబాలకు ఈ కోపం ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ నిబంధనలు ప్రధానంగా పోలీసుల బలంతో నడవలేదు. ఇంగ్లండ్, వేల్స్ కలిపి లక్షకు పైగా చలానాలు రాసిన మాట నిజమే. కానీ ఆరు కోట్లకు పైగా జనమున్న దేశంలో ఇంటింటికీ కానిస్టేబుల్‌ను పెట్టలేరు. జనం తమంతట తామే ఆగారు. పక్కవాళ్లు కూడా ఆగుతున్నారన్న నమ్మకంతో ఆగారు. అందరికీ ఒకటే రూలు అన్న ఆ నమ్మకమే లాక్‌డౌన్‌కు వెన్నెముక. రూలు రాసినవాళ్లే దాన్ని పక్కన పెట్టారంటే, ఆగినవాళ్ల త్యాగం ఒక్కసారిగా అమాయకత్వంగా మారిపోతుంది. తల్లి ఆఖరి ఘడియల్లో దగ్గర లేకపోవడం అప్పటిదాకా కష్టమైన బాధ్యత. ఆ వార్త విన్నాక అదే ‘నేనెందుకు వెళ్లలేదు’ అని తనను తాను తిట్టుకునే గాయం. కంచే చేను మేసిందంటే మనం బాధపడేది పంట పోయినందుకు. ఇక్కడ పోయింది మళ్లీ వేసుకునే పంట కాదు. ఆ చివరి గంట ఎవరికీ తిరిగి రాదు.

2020 మే 20 సాయంత్రం సంగతే చూద్దాం. అప్పట్లో రోజూ సాయంత్రం డౌనింగ్ స్ట్రీట్ నుంచి ఒక మంత్రి టీవీలో ప్రజలతో మాట్లాడేవారు. ఆ రోజు సాంస్కృతిక మంత్రి ఆలివర్ డౌడెన్ వంతు. బయటివాళ్లలో ఒక్కరినే, అదీ ఆరుబయట, రెండు మీటర్ల దూరంలో ఉండి కలవొచ్చని ఆయన గుర్తుచేశారు. ఆ తర్వాత కాసేపటికే అదే ఆవరణ వెనక తోటలో బల్లలు వేశారు. ప్రధాని ముఖ్య వ్యక్తిగత కార్యదర్శి మార్టిన్ రేనాల్డ్స్ తరఫున దాదాపు 200 మంది సిబ్బందికి అంతకుముందే ఈమెయిల్ వెళ్లింది. వాతావరణం బాగుంది, తోటలో దూరం పాటిస్తూ కాస్త తాగుదాం, ఎవరి మందు వాళ్లు తెచ్చుకోండి అన్నది దాని సారాంశం. ముప్పై నలభై మంది వచ్చారు. జాన్సన్ కూడా వచ్చి పాతిక నిమిషాలున్నారు.

అది తప్పని వాళ్లకు తెలియదా? తెలుసు. ఇంతమందిని మందుకు పిలవడం బయటికి పొక్కితే ఇబ్బందని ప్రధాని కమ్యూనికేషన్స్ డైరెక్టర్ లీ కెయిన్ ముందే హెచ్చరించారు. మనం దొరక్కుండా తప్పించుకున్నట్టున్నాం అన్న అర్థంలో రేనాల్డ్స్ తర్వాత పంపిన మెసేజ్ గ్రే నివేదికలో అచ్చయింది. ప్రజల కోపానికి ఇదొక పెద్ద ఆధారం. పొరపాటు చేసినవాడు తప్పించుకున్నాం అనుకోడు.

ఆ తోటకే ఇంకో కథ ఉంది. సరిగ్గా ఐదు రోజుల తర్వాత, మే 25న, జాన్సన్ ముఖ్య సలహాదారు డొమినిక్ కమింగ్స్ అక్కడే కుర్చీ వేసుకుని విలేకరుల ముందు కూర్చున్నారు. భార్య ఒంట్లో బాగోలేక, తనకూ కోవిడ్ సోకుతుందేమోనన్న భయంతో ఆయన లండన్ నుంచి కుటుంబంతో సహా 400 కిలోమీటర్లకు పైగా కారు నడుపుకుని డరం వెళ్లారని అప్పటికే పత్రికలు బయటపెట్టాయి. అక్కడి నుంచి బార్నార్డ్ కాసిల్ అనే ఊరికి వెళ్లిందెందుకయ్యా అంటే, తిరుగు ప్రయాణానికి చూపు సరిగా ఉందో లేదో చూసుకోవడానికని చెప్పారు. ఆ మాట విని దేశం నివ్వెరపోయింది. జాన్సన్ ఆయన్ను వెనకేసుకొచ్చారు, ఏ తండ్రైనా అదే చేస్తాడన్నారు. దాని ఫలితాన్ని లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు కొలిచారు. కోవిడ్‌ను ప్రభుత్వం సరిగా ఎదుర్కొంటుందన్న నమ్మకం ఆ వారంలో ఇంగ్లండ్‌లో బాగా పడిపోయింది, సొంత ప్రభుత్వాలున్న స్కాట్లండ్, వేల్స్‌లలో అంతగా పడలేదు అని లాన్సెట్ పత్రికలో రాశారు. అంటే నాయకుడి తీరు మీద జనం కోపం పత్రికల హడావిడి మాత్రమే కాదు, కొలతకు అందేంత నిజం. ఆ హెచ్చరికను డౌనింగ్ స్ట్రీట్ చెవిన పెట్టలేదు.

విందుల సంగతి ఏడాదిన్నర దాకా బయటికి రాలేదు. 2021 నవంబరు 30న డైలీ మిర్రర్ మొదటి కథనం వేసింది. ఆ తర్వాత జాన్సన్ చెప్పిన మాటలను తారీఖుల వారీగా పక్కపక్కన పెట్టి చూడాలి. డిసెంబరు 1న సభలో, తన కార్యాలయంలో అన్ని మార్గదర్శకాలనూ పూర్తిగా పాటించామన్నారు. డిసెంబరు 8న, అసలు పార్టీయే జరగలేదని, నిబంధనలేవీ ఉల్లంఘించలేదని తనకు పదేపదే హామీ ఇచ్చారన్నారు. జనవరి 12న, మే 20 నాటి తోట కార్యక్రమానికి వెళ్లిన మాట నిజమే కానీ అది ఆఫీసు పనిలో భాగమనుకున్నానన్నారు. ఆ తర్వాత, అది రూల్స్‌కు విరుద్ధమని తనకెవరూ చెప్పలేదన్నారు. ఆ రూల్స్ ప్రకటించింది తనే. పాటించలేదు అనేదొక్కటే అయితే జనం తిట్టి వదిలేసేవాళ్లేమో. ప్రతి కొత్త ఆధారానికీ ఒక కొత్త వివరణ పుట్టుకొచ్చింది, ప్రతి వివరణా అంతకుముందు చెప్పినదాన్ని అబద్ధం చేసింది.

ఈ మాటల మధ్య, డిసెంబరు 7న, ఐటీవీ ఒక వీడియో ప్రసారం చేసింది. 2020 డిసెంబరు 22న డౌనింగ్ స్ట్రీట్‌లో జరిగిన ప్రాక్టీసు విలేకరుల సమావేశం అది. ప్రధాని అధికార ప్రతినిధిగా చేరిన అల్లెగ్రా స్ట్రాటన్ పోడియం ముందు నిలబడి ఉంటారు. శుక్రవారం రాత్రి ఇక్కడ క్రిస్మస్ పార్టీ జరిగిందట కదా అని తోటి ఉద్యోగి విలేకరిలా అడుగుతాడు. ఆమె నవ్వుతుంది. జవాబేం చెప్పాలో తట్టక మళ్లీ నవ్వుతుంది. గదిలో ఉన్నవాళ్లు జున్ను, వైన్ అంటూ తలో మాట అందిస్తారు. ఆ శుక్రవారం నాటికి లండన్‌లో వేరే ఇంటివాళ్లతో ఇంట్లో కలవడం నేరం. ఆ వీడియో తీసేనాటికి దేశం సగం క్రిస్మస్ రద్దు చేసుకుని కూర్చుంది. అది ప్రసారమైన మరుసటి రోజే స్ట్రాటన్ తన ఇంటి గుమ్మం ముందు కన్నీళ్లతో రాజీనామా ప్రకటించారు. ఆ పార్టీకి వెళ్లని మనిషి మొదట పదవి వదులుకుంది, వెళ్లినవాళ్లు చాలామంది ఉద్యోగాల్లోనే ఉన్నారు. నివేదికల్లో ఎన్ని పేజీలున్నా ఆ కొద్ది సెకన్ల నవ్వు చేసినంత నష్టం అవి చేయలేదు. ఏళ్ల తరబడి రాజకీయాలు పట్టించుకోనివాళ్లు కూడా, మమ్మల్ని చూసి నవ్వుకున్నారన్నమాట అనుకున్నారు.

రాణి ఫోటో సంగతీ అలాంటిదే. 2021 ఏప్రిల్ 17న భర్త ప్రిన్స్ ఫిలిప్ అంత్యక్రియల్లో రెండో ఎలిజబెత్ విండ్సర్‌లోని సెయింట్ జార్జ్ చాపెల్‌లో నల్ల మాస్కు కట్టుకుని ఒంటరిగా కూర్చున్నారు. మొత్తం వచ్చింది 30 మంది. దానికి ముందు రాత్రి డౌనింగ్ స్ట్రీట్‌లో రెండు వీడ్కోలు పార్టీలు జరిగాయి. సూట్‌కేసులో వైన్ సీసాలు తెప్పించారని, ప్రధాని పిల్లాడి ఉయ్యాల విరిగిందని పత్రికలు రాశాయి. జాన్సన్ ఆ రాత్రి అక్కడ లేరు, అది చెప్పి తీరాలి. అయినా డౌనింగ్ స్ట్రీట్ రాజప్రాసాదానికి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. తొంభై ఐదేళ్లు నిండబోతున్న భార్య రూలు పాటించి పక్కన మనిషి లేకుండా భర్తను సాగనంపితే, దేశాన్ని నడిపే కార్యాలయంలో తెల్లవారే దాకా పాటలా అని రాచరికం అంటే పడనివాళ్లకు కూడా మనసు చివుక్కుమంది.

జాన్సన్ తరఫున వాదనలు లేకపోలేదు. ఆ సిబ్బంది రాత్రింబవళ్లు పనిచేశారు, నిజమే. ఆయన స్వయంగా 2020 ఏప్రిల్‌లో కోవిడ్‌తో సెయింట్ థామస్ ఆసుపత్రి ఐసీయూలో చావు అంచుల దాకా వెళ్లొచ్చారు, అదీ నిజమే. పుట్టినరోజు కేకు ఆయనకు తెలియకుండా వచ్చి పడిందని ఒక మంత్రి వాదించారు. కానీ అదే ఆసుపత్రిలో ఆయన ప్రాణం నిలబెట్టిన నర్సులూ రాత్రింబవళ్లు పనిచేశారు. వాళ్లు షిఫ్టు అయ్యాక వార్డులో సీసాలు తెరవలేదు. పిల్లలకు అంటుతుందేమోనని వేరే గదుల్లో పడుకున్నారు. అలసట మినహాయింపు ఇవ్వగలిగేదైతే, అది మొదట దక్కాల్సింది వాళ్లకు. ఐసీయూ నుంచి బయటపడిన మనిషికి ఆ రూల్స్ ఎందుకు పెట్టారో ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు, అందుకే ఆ వాదన ఆయన్ను కాపాడే బదులు ఇంకా ఇరుకున పెట్టింది.

2022 మే 25న గ్రే పూర్తి నివేదిక వచ్చింది. అందులో అందరూ వైన్ గురించి, కరోకే గురించి చదివారు. అంతకంటే ముఖ్యమైనది ఒక మూలన ఉంది. 2020 డిసెంబరు 18 శుక్రవారం నాటి ఆ క్రిస్మస్ పార్టీ మర్నాడు ఉదయం ఆ గది శుభ్రం చేయడానికి వచ్చిన మనిషికి గోడ మీద, ఫోటోకాపీ కాగితాల పెట్టెల మీద ఎర్ర వైన్ మరకలు కనిపించాయి. సెక్యూరిటీ గార్డులను, పారిశుధ్య సిబ్బందిని అక్కడివాళ్లు పలుమార్లు చులకనగా చూశారని గ్రే రాశారు. కోవిడ్ తొలి రోజుల్లో బస్సులో ప్రయాణించి పనికొచ్చినవాళ్లు, ఇంట్లో కూర్చుని పనిచేసే వీలు లేనివాళ్లు ఎవరు? ఇలాంటి సిబ్బందే. పెద్దవాళ్ల నిబంధన ఉల్లంఘనకు చాకిరీ చేసింది కూడా వాళ్లే. తర్వాత జాన్సన్ వాళ్లకు క్షమాపణ చెప్పారు.

పోలీసులు ఎనిమిది రోజుల్లో జరిగిన ఘటనలపై 83 మందికి 126 చలానాలు రాశారు. జాన్సన్‌కు పడింది ఒకటే, 2020 జూన్ 19న కేబినెట్ గదిలో జరిగిన పుట్టినరోజు కలయికకు. పదవిలో ఉండగా చట్టం ఉల్లంఘించినట్టు తేలిన తొలి బ్రిటన్ ప్రధాని ఆయనే. అప్పటి ఆర్థిక మంత్రి రిషి సునాక్‌కూ అదే సందర్భానికి చలానా పడింది. మీటింగు కోసం ముందుగా వచ్చి ఆ గదిలో ఉన్నానన్నారు, తప్పు ఒప్పుకుని డబ్బు కట్టారు. ఆయన మీద కోపం ఆ స్థాయిలో నిలవలేదు. అదే ఏడాది అక్టోబరులో ప్రధాని కూడా అయ్యారు. నార్వే అప్పటి ప్రధాని ఎర్నా సోల్‌బర్గ్‌ది ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 2021లో తన అరవయ్యో పుట్టినరోజుకు పది మందికి మించి కుటుంబ సభ్యులను పోగుచేశారు. విషయం బయటికి రాగానే క్షమాపణ చెప్పారు, పోలీసులు 20,000 క్రోనర్ల జరిమానా వేస్తే ఒప్పుకున్నారు. జనం తిట్టారు, కానీ నెలల తరబడి సాగే వ్యవహారం కాలేదు. బ్రిటన్‌లో దాన్ని సాగదీసింది అబద్ధమే.

ఇక్కడే బ్రిటన్ పార్లమెంటుకు ఒక చిక్కు వచ్చింది. అక్కడ సభలో ఏ సభ్యుడూ ఇంకో సభ్యుణ్ని అబద్ధాలకోరు అనకూడదు. ప్రధాని పదేపదే అబద్ధాలు చెప్పారని 2021 జులైలో అన్నందుకు లేబర్ ఎంపీ డాన్ బట్లర్‌ను బయటికి పంపారు. ఆరన్ బెల్ ఆ ప్రశ్న అడిగిన రోజునే, ప్రధాని సభను తప్పుదోవ పట్టించారన్న మాట వెనక్కి తీసుకోనందుకు స్కాటిష్ నేషనల్ పార్టీ సభాపక్ష నాయకుడు ఇయాన్ బ్లాక్‌ఫోర్డ్ సభ వదలాల్సి వచ్చింది. మర్యాద కోసం పుట్టిన రూలు అది. సభ్యులు ఒకరి మాట ఒకరు నమ్ముతారన్న భావన మీద నిలబడింది. మాట నిలబెట్టుకోని మనిషి ఎదురైతే, అబద్ధం ఆడినవాడు కుర్చీలో ఉంటాడు, అబద్ధం అన్నవాడు గుమ్మం బయట ఉంటాడు. టీవీలో ఇది చూసిన సామాన్యుడికి మంట రెట్టింపు కాకుండా ఎలా ఉంటుంది?

తేల్చడానికి మిగిలిన దారి సభాహక్కుల కమిటీ ఒక్కటే. ఏడుగురు సభ్యుల్లో నలుగురు జాన్సన్ పార్టీవాళ్లే, అధ్యక్షురాలు లేబర్ పార్టీకి చెందిన హ్యారియట్ హార్మన్. 2023 మార్చి 22న జాన్సన్ బైబిల్ మీద ప్రమాణం చేసి, గుండె మీద చెయ్యేసుకుని చెబుతున్నా, సభకు అబద్ధం చెప్పలేదన్నారు. కమిటీ నమ్మలేదు. నివేదిక ముందుగా చేతికందగానే ఆయన ఎంపీ పదవికి రాజీనామా చేశారు. జూన్ 15న వచ్చిన ఆ నివేదిక ఆయన ఉద్దేశపూర్వకంగా సభను తప్పుదోవ పట్టించారని తేల్చింది, ఎంపీగా ఉండి ఉంటే 90 రోజులు సస్పెండ్ చేయమనేవాళ్లమంది. జూన్ 19న సభ 354-7 ఓట్లతో దాన్ని ఆమోదించింది. కేబినెట్ గదిలో ఆ పుట్టినరోజు కలయిక జరిగిన రోజుకు సరిగ్గా మూడేళ్లు. ఆ రోజు ఆయన 59వ పుట్టినరోజు.

అయితే ఆయన్ను పదవి నుంచి దించింది పార్టీగేట్ ఒక్కటే అనడం సరికాదు. 2021 డిసెంబరులో, వీడియో బయటపడిన వారం పదిరోజుల్లో, నార్త్ ష్రాప్‌షైర్‌లో దాదాపు 23,000 ఆధిక్యం ఉన్న సీటును ఆయన పార్టీ పోగొట్టుకుంది. అక్కడి మాజీ ఎంపీ లాబీయింగ్ వ్యవహారం, అంటే డబ్బు తీసుకుని కంపెనీల కోసం చేసిన పైరవీ, కూడా కలిసింది. 2022 జూన్ 6న సొంత ఎంపీల విశ్వాస పరీక్షలో 211-148తో బయటపడ్డారు. నెల తిరక్కుండానే క్రిస్ పించర్ అనే ఎంపీ ప్రవర్తనపై వచ్చిన ఫిర్యాదు సంగతి తనకు ముందు తెలియదని ఆయన కార్యాలయం చెప్పింది, తెలుసని తేలింది. మంత్రులు వరసగా రాజీనామా చేశారు, జులై 7న ఆయన దిగిపోతున్నట్టు ప్రకటించారు. ఆ ఫిర్యాదు వేరు, ఈ విందులు వేరు. కానీ తెలియదు అన్న మాట మళ్లీ నోటివెంట రాగానే నమ్మే ఓపిక ఎవరికీ మిగల్లేదు. తర్వాత 2023 జులైలో ఆయన ఖాళీ చేసిన అక్స్‌బ్రిడ్జ్ స్థానంలో ఉప ఎన్నిక జరిగితే 495 ఓట్లతో మళ్లీ ఆయన పార్టీయే గెలిచింది. పాత వాహనాల మీద లండన్ మేయర్ వేయబోతున్న రోజువారీ రుసుము అక్కడ పెద్ద సమస్య అయింది. కోపం ఎప్పుడూ బ్యాలెట్ పెట్టెలో నేరుగా కనిపించదు, ఇంటి ఖర్చు ముందు కొన్నిసార్లు వెనక్కి తగ్గుతుంది. తగ్గిందని పోయినట్టు కాదు.

2023 డిసెంబరు 6న లండన్‌లో కోవిడ్ విచారణ సంఘం ముందు జాన్సన్ సాక్ష్యం మొదలైంది. బాధితులకు, వాళ్ల కుటుంబాలకు కలిగిన బాధకు, నష్టానికి తీవ్రంగా చింతిస్తున్నానన్నారు. మరుసటి రోజు మాత్రం డౌనింగ్ స్ట్రీట్ పార్టీల గురించి జనం అనుకుంటున్నదానికీ అసలు జరిగినదానికీ ఎక్కడా పొంతన లేదన్నారు. అప్పటికి చలానాలు కట్టి ఏడాదిన్నర దాటింది, సభ తీర్పు వచ్చి ఆరు నెలలు కావస్తోంది. మొదటి రోజు ఆయన క్షమాపణ చెబుతుండగా గదిలో నలుగురు లేచి నిలబడ్డారు. కూర్చోమని అధ్యక్షురాలు హీథర్ హాలెట్ చెప్పినా కూర్చోలేదు, సిబ్బంది వాళ్లను బయటికి తీసుకెళ్లారు. వాళ్ల చేతుల్లోని కాగితాల మీద ఉన్నది ఒకే వాక్యం: మీ క్షమాపణలు చనిపోయినవాళ్లకు వినపడవు.